ఉడుకునీళ్ళు అడగని మనిషి

"కణాలకు ఆదివారం లేదు" అనేవాడు డాక్టర్ తిమోతి. ఆ మాటే చివరకు ఆయన ప్రాణం మీదికి తెచ్చింది.

2002 జూన్ నెల, ఆదివారం, ఉదయం పది గంటలు. మదనపల్లె మిషన్ కాంపౌండులో ఉన్నవాళ్ళంతా చర్చిలో కూర్చున్నారు. కాంపౌండు వెనకాల ఉన్న చిన్న రీసెర్చి సెంటర్లో మాత్రం ఇద్దరే మిగిలారు. గేటు దగ్గర వాచ్‌మన్ వెంకటముని, లోపల ల్యాబులో డాక్టరు. పన్నెండేళ్ళుగా ఆయన ఏ ఆదివారమూ మానలేదు. గులాబీ రంగు ద్రవం మార్చకపోతే గాజు పళ్ళేల్లో కణాలు ఆకలితో చస్తాయి మరి.

వెనక అడుగుల చప్పుడయింది.

"ఏం వెంకటమునీ, టీ తెచ్చినావా?" అన్నాడు ఆయన తల తిప్పకుండానే.

జవాబుగా మెడలో సూది దిగింది.

డాక్టరు తిరిగి చూశాడు. ఖాకీ చొక్కా, తోలు బూట్లు, భుజానికి అల్యూమినియం క్యాను. ఆ మనిషి ఎవరో ఆయనకు తెలియదు కానీ, తన ఒంట్లోకి పోయింది ఏమిటో క్షణంలో తెలిసిపోయింది. రక్తంలో ఉన్న చక్కెరనంతా పీల్చేసే విషం అది. చెమటలు కమ్ముతుంటే టీ బల్ల వైపు పాకాడు. బల్ల మీద చక్కెర డబ్బా ఉంది. చేయి చాచి అందుకున్నాడు కూడా. బూటు వచ్చి ఆ వేళ్ళ మీద పడింది. ఎముకలు పటపట విరిగాయి. రెండో తన్నుకు డబ్బా ఎగిరి గోడకు కొట్టుకుంది, చక్కెర గచ్చంతా చెల్లాచెదురయింది. పాపం, ఆయన నాలుకతో గచ్చును నాకబోయాడు. బూటు ఈసారి మెడ మీద ఆనింది, ఆయన కదలడం మానేదాకా అక్కడే ఉంది.

ఖాకీ చొక్కా మనిషి గాజు పళ్ళేలను గచ్చుకేసి కొట్టి, కణాలను గడ్డకట్టించి దాచిన ద్రవ నత్రజని జాడీ మూత తీసి ఆరు బుల్లి సీసాలు పైకి లాగి, తన క్యానులోకి మార్చుకున్నాడు. బయట వెంకటముని గొంతు తెగి, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు.

చర్చిలో పాట ఇంకా పూర్తి కాలేదు.

* * *

ఆ చర్చిలోనే నాలుగో బెంచీలో ఏజెంట్ ఫార్టీ ఫోర్ కూర్చుని ఉన్నాడు. అసలు పేరు జెఫ్రీ. ఆ కాంపౌండులోనే పుట్టి పెరిగాడు. పది రోజులు సెలవు పెట్టి అక్కను చూడటానికి వచ్చాడు. అక్క లిల్లీ అక్కడే నర్సు. తొమ్మిది నెలలుగా అక్కడే పేషెంటు కూడా.

జేబులో సెల్ ఫోను గుర్రుమంది. లిల్లీ తొడ మీద గిల్లింది. అతను బయటికి వచ్చి వేపచెట్టు కింద నిలబడ్డాడు.

"ఫార్టీ ఫోర్."

"సెలవు క్యాన్సిల్," అన్నాడు బెంగుళూరు నుంచి చీఫ్ రామమూర్తి. "ఆర్కిడ్ ముఠా మీ ల్యాబు మీద పడుతోందని మాలతి మెసేజ్ ఇచ్చింది. అర నిమిషం కిందట. వెళ్ళి చూడు."

జెఫ్రీ పరిగెత్తాడు. చూశాడు. మళ్ళీ ఫోను తీశాడు.

"ఆలస్యమయింది సార్. ఇద్దరూ పోయారు. సీసాలు లేవు."

"మాలతి ఆర్కిడ్‌లో మనం నాటిన మనిషి. పుంగనూరు బస్టాండులో నీకోసం ఉంటుంది. సీసాలు ఎటు పోతున్నాయో ఆమెకు తెలుసు. విను. విషం వాళ్ళ దగ్గరుంది. దానికి విరుగుడు తయారుచేసే కణాలు ప్రపంచం మొత్తానికి ఆ ఆరు సీసాల్లోనే ఉన్నాయి. రెండూ వాళ్ళ చేతికి చిక్కితే ఏ దేశపు మంత్రినైనా గుండెపోటులా చంపొచ్చు, బేరం పెట్టి బతికించొచ్చు. వెనక్కి తీసుకురా. కుదరకపోతే నాశనం చెయ్. సరిహద్దు దాటకూడదు. అర్థమైందా?"

"ఎస్ సార్" అన్నాడు జెఫ్రీ.

కానీ ఆ కణాలు విరుగుడు ఒక్కటే కాదు, తన అక్క మందు కూడా. డాక్టర్ తిమోతి మొదటి రోజే కూర్చోబెట్టి చెప్పాడు: "కణం ఒక ఇల్లనుకో అప్పా. గోడకు కాలింగ్ బెల్లు ఉంటాది. ఆ బెల్లు మోగితే మామూలు కణం తలుపు తీసి రక్తంలో చక్కెరను లోపలికి తీసుకుంటాది. అదే బెల్లు క్యాన్సర్ కణానికి మోగితే, సామాను సర్దుకుని ఇంకో వీధికి కాపురం పోతాది. జబ్బు పాకేది అట్లనే. నా కణాలు తయారుచేసే మందు ఏం చేస్తాదంటే, పోయి ఆ బెల్లు మీద అరచెయ్యి అడ్డం పెడతాది." విషం పని దానికి నేరుగా తిరగేసింది. బెల్లు మీద వేలు పెట్టి తీయదు. తొమ్మిది నెలలుగా లిల్లీ రొమ్ములో పుట్టిన జబ్బు ఆ వీధి దాటలేదు.

నాశనం చెయ్ అన్నాడు చీఫ్. ఆయనదేం పోయింది?

వెనక చప్పుడయింది. లిల్లీ ఎప్పుడు వచ్చిందో, డాక్టరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఏడుస్తూనే ఆయన కళ్ళు మూసింది. తర్వాత లేచి ఫ్రిజ్ తెరిచి చిన్న మందు సీసా, సిరంజి తీసి తమ్ముడి చొక్కా జేబులో పెట్టి బొత్తాం వేసింది.

"ఏందక్కా ఇది?"

"నా సూది. గురువారం ఏసుకోవాల్సింది. ఆ విషానికి ఇదే విరుగుడని డాక్టరయ్య చెప్పినాడు కదా. నీ ఒంట్లోకి ఎక్కితే ఎనకాముందు సూడకుండా ఏసుకో."

"మరి నీకు ఇంకోటి ఉండాదా?"

లిల్లీ అతని కాలరు సర్దింది. "నువ్వు ఆ సీసాలు తెస్తే ఉంటాదిలే. పో, నిలబడి మాట్లాడతాండావు."

* * *

పుంగనూరు బస్టాండు. పన్నెండు దాటింది, ఎండ మాడ్చేస్తోంది.

"బి.కొత్తకోట బస్సు పోయిందా మేడం?"

"పోయింది. మీ కోసం ఆగలేదు."

కోడ్ సరిపోయింది. మాలతి నల్ల కళ్ళద్దాలు పైకి తోసి నవ్వింది. సిల్కు చొక్కా, జీన్సు ప్యాంటు, గోళ్ళకు ఎర్ర రంగు. ఆమెను చూస్తూ ఇద్దరు ఆటోవాళ్ళు ఒకరి బండిని ఒకరు గుద్దేసుకుని పోట్లాటకు దిగారు. ఆర్కిడ్‌లో నాలుగేళ్ళుగా రెండు నాలుకలతో బతుకుతున్న మనిషి. ఆ రెండింటిలో ఏది మనదో అడిగే ధైర్యం ఇంతవరకు డిపార్టుమెంటులో ఎవరికీ రాలేదు.

"తెల్ల అంబాసిడర్," అంది జీపు నడుపుతూ. "సోమల రోడ్డు మీదుగా తిరుపతి ఎయిర్‌పోర్టుకు. గంట ముందున్నాడు. ఒక్క ఫోను చేసి వస్తాను, రెండు నిమిషాలు."

జీపు ఆపి ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతులోకి వెళ్ళింది. జీపు ఆగింది పశువుల ఆసుపత్రి ముందు. ఆదివారం కదా, గేటుకు తాళం. గేటు ముందు ఒక ముసలామె, ఆమె నడుము ఎత్తు కూడా లేని పొట్టి పుంగనూరు ఆవు. ముసలామె తాళాన్నే తిడుతోంది.

"ఆదివారమంట! ఆవు ఎదకొస్తే ఆదివారం సూసుకోని వస్తాదా? ఆ దొంగనాయాలు సూదేసినానని పోయినాడు, నా ఆవుకు ఏం చేసినాడో ఏమో!"

జెఫ్రీకి చెవులు నిక్కబొడుచుకున్నాయి. జీపు దిగాడు.

"ఏమైందమ్మా? ఎవరు సూదేసింది?"

"ఎవుడో నాయనా. ఖాకీ సొక్కా ఏసుకోని, ఎమ్మెయిటీ బండి మీద క్యాను కట్టుకోని పోతాంటే అడ్డం పడి ఆపినా. క్యాను కట్టుకున్నోడు కనిపిస్తే మేం ఇడుస్తామా? ముప్పై ఏండ్లుగా ఆవుల్ని మేపతాండా, ఈ పాపక్కకు తెలవదా! ఆవులకు సూదేసే మా గోపాలమిత్ర వస్తే గుమ్మంలో కాలు పెట్టక ముందే అడిగే మాట ఏంది? 'ఉడుకునీళ్ళు తేమ్మా' అంటాడు. గడ్డకట్టిన ఎద్దు బీజం గొట్టాన్ని గోరువెచ్చని నీళ్ళల్లో కరగనిచ్చి, తుడిచి, సలవ తగలకుండా సొక్కాలో పెట్టుకుంటాడు. ఈడు నీళ్ళు అడగలే. ఐసుగడ్డ మాదిరి ఉండేదాన్ని అట్లనే పెట్టేసినాడు. నేను సెంబు పట్టుకోని నిలబడుకోనే ఉండా! ఇంక ఇరవై ఒక్క దినాలైతేగానీ ఆవు మళ్ళా ఎదకు రాదు!"

కోల్డు చెయిన్, గడ్డకట్టినదాన్ని కరగకుండా చేరవేసే దారి! జెఫ్రీ తల తిరిగింది. నత్రజని క్యాను కట్టుకుని జిల్లా అంతా తిరిగినా ఏ చెక్‌పోస్టూ ఆపని మనిషి ఒక్కడే, ఆవులకు సూది వేసేవాడు. ఆహా, ఏం ఎత్తు వేశార్రా!

"యా పక్కకు పోయినాడమ్మా?"

"పలమనేరు రోడ్డు పట్టినాడు. నేను ఇడిచిపెట్టకపోతే ఒగామె జీపులో వచ్చి, కుప్పం బండి తప్పిపోతాదని వాణ్ణి గదిమింది. సోకుగా ఉండాది, నల్ల కండ్లద్దాలు..." పాపక్క చూపు ఎస్టీడీ బూతు మీద ఆగింది. "అదో! ఆ యమ్మే!"

జెఫ్రీ పాపక్క చేతిని మెల్లగా కిందికి దించాడు. ఆమె కొంగున ముడి విప్పి బెల్లం ముద్ద తీసింది.

"సూదేసినాక ఆవుకు పెట్టేది ఇది. ఆ ఎదవ ఏసిన సూదికి బెల్లం కూడానా? నువ్వు తిను నాయనా, మొకం వాడిపోయుండాది."

అతను దాన్ని జేబులో వేసుకుని, వెళ్ళి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. మాలతి వచ్చి పక్కన ఎక్కింది. జీపు పలమనేరు రోడ్డెక్కింది.

"సోమల ఇటు కాదు."

"తెలుసు. కుప్పంలో చల్లగా ఉంటుందట."

మాలతి పకపకా నవ్వింది. "ఆ ముసలిదాన్ని అక్కడే తొక్కించాల్సింది."

"డాక్టరు నీకు ఏం చేశాడు?"

"చక్కెర ఎక్కువ తినేవాడు," అంటూనే హ్యాండ్‌బ్యాగులోంచి పిస్తోలు తీసింది. జెఫ్రీ స్టీరింగు ఒక్కసారిగా తిప్పేశాడు. తూటా అతని చెవి పక్కనుంచి పోయి అద్దం పగలగొట్టింది. జీపు గట్టు దూకి, రెండు పల్టీలు కొట్టి టమోటా తోటలో తలకిందులుగా పడింది.

మాలతి ఫోను చేసి పిలిపించిన ముఠా సుమో వెనకనే వచ్చి ఆగింది. మాలతి నుదుటి నుంచి కారుతున్న రక్తం తుడుచుకుంటూ అందులోకి పాకి ఎక్కింది. "వాణ్ణి నరికెయ్యండి" అని సుమోను తనే నడుపుకుంటూ పోయింది. వేటకొడవళ్ళతో ఇద్దరు మిగిలారు.

జీపులోంచి పాకి వచ్చిన జెఫ్రీ, మొదటివాడు కొడవలి ఎత్తేసరికి జేబులోని పెన్ను తీసి మూత తిప్పాడు. దాంట్లో ఉండేది ఒక్కటే తూటా. అది వాడి కంట్లోంచి దూరి వెనకనుంచి పోయింది. రెండోవాడి కొడవలి ఎడమ భుజంలో ఎముకదాకా దిగింది. జెఫ్రీ అమ్మా అని కేకపెట్టి, మొక్కకు ఆసరాగా పాతిన కట్టెను పెరికి, మొన ఉన్న పక్క వాడి గొంతులో పొడిచాడు. వాడు రెండు చేతులా కట్టె పట్టుకుని, పండిన కాయల మీద మోకాళ్ళు ఆనించి కూలబడ్డాడు. కింద ఏది రక్తమో ఏది టమోటా రసమో తెలియలేదు. జెఫ్రీ వాడి నడుములో ఉన్న కత్తి లాక్కుని రోడ్డు మీదికి తూలుతూ వచ్చాడు.

ఒక పాల వ్యాను ఆగింది. డ్రైవరు వెంకటరమణప్ప తల బయటపెట్టి నోరు తెరిచాడు.

"దేవుడా! ఏందప్పా ఇంత రక్తం? ఆసుపత్రికా?"

"కుప్పం స్టేషనుకు. మద్రాసు బండి వచ్చే నాలుగు లోపల."

"అంత బిర్రున పోతే పాలు తొణుకుతాయి కదప్పా!"

"తొణకనీ. డాక్టరును చంపినోళ్ళు బండెక్కతాండారు."

వెంకటరమణప్ప మరో మాట అడగలేదు. తన తువ్వాలు తీసి భుజానికి బిగించి కట్టి, గేరు మార్చాడు. కుప్పం వచ్చేదాకా వెనక క్యాన్లు కొట్టుకుంటూనే ఉన్నాయి.

* * *

కుప్పం స్టేషను. నాలుగుకు పది. మద్రాసు బండి అవుటరు దాటి వస్తోంది.

ఖాకీ చొక్కా మనిషి ఇనుప బెంచీ మీద క్యాను కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. జెఫ్రీ టీకొట్టు దగ్గర ఆగాడు. స్టవ్ మీద మరుగుతున్న నీళ్ళ గిన్నెను పట్టకారుతో ఎత్తాడు. కొట్టువాడు అరుస్తూనే ఉన్నాడు. నేరుగా నడుచుకుంటూ పోయి బెంచీ ముందు నిలబడ్డాడు.

"ఉడుకునీళ్ళు అడగడం మరిసిపోయినావంట. పాపక్క పంపించింది."

వాడు తలెత్తాడు. మరిగే నీళ్ళు మొహం మీద పడ్డాయి.

వాడు పెట్టిన గావుకేకకు ప్లాట్‌ఫారం దద్దరిల్లింది. చర్మం ఊడి వస్తున్నా వాడు నడుములోంచి పిస్తోలు లాగి గుడ్డిగా కాల్చాడు. ఒక తూటా గడియారానికి, రెండోది క్యానుకు తగిలాయి. జెఫ్రీ వాడి మణికట్టు విరిచి, డాక్టరు వేళ్ళను తలుచుకుంటూ తలను బెంచీ అంచుకు మూడుసార్లు కొట్టాడు. మూడోదానికి వాడి కేక ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే వీపులో సూది దిగింది.

"ఇరవై నిమిషాలు జెఫ్రీ," అని చెవిలో గుసగుసలాడింది మాలతి. జరీ చీర, తలలో మల్లెలు, పెళ్ళికి పోతున్న ఇల్లాలి వేషం. "ఎవరైనా చూస్తే ఎండదెబ్బ అనుకుంటారు."

అతన్ని తన్ని పడేసి క్యాను మీదికి వంగింది. తూటా తగిలిన క్యాను నిండా తెల్లని మంచు పేరుతోంది, లోపల నత్రజని కుతకుతలాడుతూ పొగలు కక్కుతోంది. బండి ఆగడం, కదలడం రెండూ అయిపోయాయి. క్యాను మొయ్యడానికి టైము లేదు. ఆరు సీసాలు చాలు. మాలతి మూత తీసి, లోపలి ఇనుప గిన్నెను ఒట్టి చేత్తో పట్టుకుంది.

సూదులు వేసేవాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు కూడా చెయ్యరు ఆ పని. ఆమె వేళ్ళు గిన్నెకు అంటుకుపోయాయి. గుంజింది. చర్మం ఎర్ర గోళ్ళతో సహా ఊడి గిన్నెకే ఉండిపోయింది. మాలతి అరుపు బండి కూతను మించిపోయింది. ఎడమ చేత్తో పిస్తోలు తీసి కాల్చింది, గురి తప్పింది. జెఫ్రీ కింద పడి ఉన్నవాడు ఉన్నట్టే కత్తి విసిరాడు. అది ఆమె మెడ కింద పిడిదాకా దిగింది. రెండడుగులు వెనక్కి వేసింది. మూడో అడుగుకు ప్లాట్‌ఫారం లేదు. కదులుతున్న బండి చక్రాలు తమ పని తాము చేసుకుపోయాయి.

జెఫ్రీ లేచాడు. కళ్ళ ముందు అన్నీ రెండేసిగా కనిపిస్తున్నాయి. క్యానులో నత్రజని అడుగంటుతోంది. పది నిమిషాలుంటే ఎక్కువ. కుదరకపోతే నాశనం చెయ్ అన్నాడు చీఫ్. ఆ మాట వినాలంటే చెయ్యాల్సింది ఏమీ లేదు, ఊరికే కూర్చుంటే చాలు.

క్యాను ఎత్తుకుని బయటికి తూలాడు. "అప్పా! ఈడ ఆవులకు సూదేసే మనిషి యాడుండాడు?"

వెంకటరమణప్ప వ్యాను ఇంకా అక్కడే ఉంది. "మనిషి సచ్చిపోతాంటే ఆవులేందప్పా! మార్కెట్టు ఎనక సందులో ఉండాడు. ఎక్కు, ఎక్కు!"

వ్యానులో జెఫ్రీకి ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు. జేబు బొత్తాం దగ్గరికి వేళ్ళు పోయాయి. సీసా తగిలింది. సిరంజి కూడా తగిలింది. వేసుకుంటే బతుకుతాడు. గురువారం అక్కకు మందు ఉండదు. ఈ కణాలను మళ్ళీ పెంచి మందు తీసేసరికి వారాలు పడుతుంది, ఆ వారాల్లో జబ్బు ఏ వీధికి పోతుందో ఎవరికి తెలుసు? వెయ్యను, చచ్చినా వెయ్యను అనుకున్నాడు. వేళ్ళు పక్క జేబులోకి దిగాయి. బెల్లం ముద్ద! నోట్లో కుక్కుకుని, ఏడుస్తున్నవాడిలా నమిలాడు.

"ఇంకా ఏమన్నా తీపి ఉందాప్పా?"

"కొడుక్కని మైసూరు పాకు కొన్నా..."

"ఇయ్యి!"

సందులో ఇంటి తలుపు తీసింది సిద్ధమ్మ. చేతికి పిండి అంటి ఉంది. గుమ్మంలో రక్తం కారుతూ, నోటి నిండా మైసూరు పాకుతో నిలబడ్డ మనిషిని చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"మా ఆయన ఊళ్ళో లేడు. క్యాను ఎవరినీ ముట్టుకోనియ్యద్దన్నాడు."

"అమ్మా, నీ కాళ్ళు మొక్కుతా. వీటిని నీ క్యానులో పెట్టు. ఇవి కరిగిపోతే మా అక్క బతకదు."

అక్క అనే మాట ఆమెకు సరిపోయింది. చీర కుచ్చిళ్ళు దోపుకుని, గోడకున్న పొడుగాటి పట్టకారు తీసింది. పగిలిన క్యానులోంచి గిన్నెను మెడదాకా మాత్రమే లేపి, ఒక్కో సీసా పట్టి తమ క్యానులోకి జారవిడిచింది. ఒకటి, రెండు, మూడు. చేయి వణకలేదు. ఆరోది దిగేసరికి పగిలిన క్యానులో పొగ ఆగిపోయింది.

సిద్ధమ్మ మూత పెట్టి నుదురు తుడుచుకుంది.

"ఏం జాతివప్పా ఇవి? జెర్సీవా?"

జెఫ్రీ నవ్వబోయి, గుమ్మంలోనే కూలబడిపోయాడు. ఆమె లోపలికి పరిగెత్తి చెంబెడు బెల్లం పానకం కలుపుకొచ్చి, తల ఒళ్ళో పెట్టుకుని పోసింది. చీకటి పడేదాకా పోస్తూనే ఉంది.

* * *

గురువారం పొద్దున లిల్లీ తన సూది తను వేసుకుంది. సీసా మీద సీలు చెక్కు చెదరలేదు. దాన్ని చూసి తమ్ముణ్ణి నానా తిట్లూ తిట్టింది. తర్వాత అతని భుజం మీద కట్టు మార్చింది.

ఫోను గుర్రుమంది.

"వెల్ డన్ ఫార్టీ ఫోర్," అన్నాడు చీఫ్. "కణాలు బతికాయట. డాక్టరు శిష్యులు పెంచడం మొదలుపెట్టారు. నీకేమైనా కావాలా?"

"ఒక్కటి సార్. పుంగనూరులో పాపక్క అని ఉంది. ఇరవై ఒకటో రోజుకు ఆమె దగ్గరికి ఒక మనిషి పోవాలి. వెళ్ళగానే ఉడుకునీళ్ళు అడగాలి. అడగకపోతే లోపలికి రానివ్వదు."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు చాలాసేపు వినిపించింది.

"ఈ కోడ్ నా పుస్తకంలో లేదే?"

"కోడ్ కాదు సార్. ఆవు."